పెట్టెలో పెట్టిన పాత బైబిలు

మా ఇంట్లో పాతదల్లా అమ్మది. మేనత్త కట్టి వదిలేసిన చీర అమ్మకి, రాత్రి మిగిలిన అన్నం అమ్మకి, పిడి ఊడిన గొడుగు అమ్మకి. కొత్తది ఏదొచ్చినా ముందు నాన్నకి, తర్వాత అన్నయ్యకి, ఆపైన మిగిలితే నాకు. ఎవరో పెట్టిన నియమం కాదిది. అమ్మే అలా అలవాటు చేసింది, మేం హాయిగా అలవాటు పడిపోయాం. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అమ్మది పామర్రు దగ్గర పల్లె. తాతయ్య పాలేరు, అమ్మమ్మ నాట్ల కూలీ. ఎలాగో అమ్మని మిషన్ హాస్టల్లో వేశారు. ఎనిమిదో తరగతి దాకా చదివింది, ముత్యాల్లాంటి అక్షరాలు రాసేది. ఆ ఏడు సెలవులకి ఇంటికొస్తే, నాట్లకి మనుషులు చాలడం లేదని తాతయ్య ఆపేశాడట. "ఈ ఒక్క సీజనుకేనమ్మా" అన్నాడట. ఆ సీజను అమ్మకి పెళ్ళయ్యేదాకా అయిపోలేదు.

నాన్న బెజవాడలో ఒక స్కూల్లో అటెండరు. మా ఇల్లు కొండ మీద. కింద వీధి కుళాయి నుంచి వంద పైచిలుకు మెట్లెక్కి అమ్మ నీళ్ళు మోసేది. అన్నయ్య కండలు పెంచాలని పొద్దున్నే ఇటుకలెత్తేవాడు. బిందె మాత్రం ఏనాడూ ఎత్తలేదు.

అమ్మ తనదనుకున్న వస్తువు ఒక్కటే, హాస్టల్లో ఇచ్చిన బైబిలు. అట్ట ఊడిపోతే గోనెగుడ్డ వేసి కుట్టుకుంది. పాత నిబంధన అయిపోయి కొత్తది మొదలయ్యే చోట కొన్ని తెల్ల కాగితాలుండేవి. మావాళ్ళ ఇళ్ళల్లో చాలామంది అక్కడ పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకుంటారు. అమ్మ అంతటితో ఆగలేదు. ఆ కాగితాలు నిండిపోతే మా నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు చింపి, సూదీదారంతో కుట్టి చేర్చింది. ఆదివారం గుడి నుంచి వచ్చి, అందరి భోజనాలూ అయ్యాక పొయ్యి పక్కన కూర్చుని రాసేది. ఏం రాస్తున్నావంటే "మనవాళ్ళ సంగతులేలే" అనేది. చూపించమంటే, "నేను పోయాక తీరిగ్గా చదువుకుందురు గాని" అని నవ్వేది.

నేను పదో తరగతిలో ఉండగా, అమ్మ నీళ్ళకి వెళ్ళినప్పుడు దొంగతనంగా తెరిచాను. మొదటి పేజీలో అమ్మ పుట్టిన తేదీ, అమ్మమ్మ సంగతులు ఉన్నాయి. అవి నాకెందుకు? నా గురించి ఏం రాసిందోనని గబగబా తిప్పేశాను. అన్నయ్య పుట్టుక తర్వాత, నా పుట్టుకకి ముందు ఇలా ఉంది: "ఆడపిల్ల. మూడు దినములు బ్రతికినది. నేను తప్ప ఎవరూ ఏడవలేదు." దాని కింద పేజీ నిండా సన్నటి అక్షరాలు. అవి చదవబోయేలోగా అమ్మ బిందెతో గుమ్మంలోకి వచ్చింది.

కొట్టలేదు. తడిచేత్తో పుస్తకం లాక్కుంది. సిరా కాస్త చెదిరితే చెంగుతో అద్దుకుంది.

"ఎవరమ్మా ఆ పాప?" అన్నాను.

"మీ అక్క. ఇంకేం అడక్కు."

ఆ మాట తర్వాత నేను మళ్ళీ అడగలేదు. కానీ ఆ పేజీ చదవాలన్న కోరిక నన్ను వదల్లేదు. అక్క ఎలా పోయింది, ఎక్కడ పాతిపెట్టారు, ఎవరూ ఎందుకు ఏడవలేదు? పుస్తకం ఎక్కడికి పోతుందిలే, ఎప్పటికైనా నాకే వస్తుందనుకున్నాను.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో అమ్మకి జిప్పు బైబిలు కొన్నాను. అంచులకి బంగారు రంగున్నది. "ఇంత మంచిది నాకెందుకే?" అని రెండుసార్లు నిమిరి, ప్లాస్టిక్ కవరు తియ్యకుండానే ట్రంకు పెట్టెలో దాచింది.

పుష్కరాలయిన మరుసటి వేసవిలో అమ్మ పోయింది. నాన్న అంతకు ముందే పోయారు. శవపేటిక మూసేముందు పాస్టరు గారు చేతుల్లో బైబిలు పెట్టమన్నారు. వదిన రెండూ పట్టుకొచ్చింది. అన్నయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"కొత్తదెందుకు పాడు చెయ్యడం? పాతదే పెట్టండి" అన్నాడు.

"అంతేనండీ, ఆవిడ చదువుకున్నదే పెట్టాలి" అన్నారు సంఘ పెద్దలు. పిసినారితనానికి భక్తి రంగు పూయడానికి మనకి ఎంతసేపు పడుతుంది?

నేను ముందుకెళ్ళి "అన్నయ్యా, అందులో అమ్మ..." అన్నాను. మేనత్త నా జబ్బ పట్టుకుంది. "పెద్దాడు చెప్పాడు గదే, ఊరుకో. జనంలో గొడవెందుకు?"

ఊరుకున్నాను. ఊరుకోవడం అమ్మ నాకు బాగా నేర్పింది. గోనెగుడ్డ అట్ట అమ్మ వేళ్ళ కింద సర్దారు, మూత వేసి మేకులు కొట్టారు. అప్పటికైనా ఆపండని అరవచ్చు. ఒక్కొక్క మేకు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఏడాదికి జ్ఞాపక కూడిక వచ్చింది. అమ్మ సమాధికి నల్లరాయి చెక్కిస్తానని అన్నయ్య ఫోన్ చేశాడు.

"అమ్మ పుట్టిన తేదీ ఎంతే? రాయి చెక్కేవాడు అడుగుతున్నాడు."

"నాకు తెలీదు."

"అదేంటి? ఎక్కడో రాసుకుంది గదా. ఆ బైబిల్లో..." అని ఆగిపోయాడు. అప్పుడైనా అయ్యో అంటాడేమో అనుకున్నాను.

"సర్లే, జూలై ఒకటి వేయించేస్తా" అన్నాడు.

తేదీ తెలియని పిల్లలకి బడిలో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టర్లు వేసే తేదీ అది. అమ్మ తన తేదీ తనే రాసిపెట్టుకున్న మనిషి.

ఇప్పుడు ఆ రాతి మీద జూలై ఒకటి ఉంది, దాని కింద పెద్ద అక్షరాల్లో కట్టించిన కొడుకు పేరుంది. మూడు రోజులు బతికిన అక్క లేదు. జిప్పు బైబిలు వదిన ప్రతి ఆదివారం గుడికి తీసుకెళ్తుంది. ఏటా సమాధుల పండక్కి నేను వెళ్ళి, రాయి కడిగి, కొవ్వొత్తి వెలిగిస్తాను. అసలు తేదీ ఆ రాతి కిందే, అమ్మ చేతుల్లోనే ఉంది. పోయాక చదువుకోమంది అమ్మ. చదవనివ్వలేదని అన్నయ్యని తిట్టుకుంటూ తిరిగొస్తాను గానీ, అమ్మ బతికుండగా ఆ మొదటి పేజీ తిప్పేసింది నేనే.