ఆకుపచ్చ పొట్లం గడువు

తైచుంగ్ నగరంలో కొట్ల బోర్డులు వెలిగించి చూడడమే లియావ్ మేస్త్రి ఉద్యోగం. ఎల్ఈడీ బోర్డు ఏదైనా గోడెక్కే ముందు ఆయన దగ్గర డెబ్బై రెండు గంటలు ఆరకుండా వెలగాలి. దానిమీద గొట్టంతో తుఫాను కురిపిస్తాడు. కళ్లు సగం మూసి రెప్పల సందులోంచి చూస్తాడు. మసకబారిన అక్షరం అలాగైతేనే దొరుకుతుందట. ముహూర్తాలూ శకునాలూ ఆయనకు గిట్టవు, మీటరు చెప్పిందే మాట. కరెంటు డబ్బా మీద మాత్రం, ఆ దేశంలో యంత్రాలన్నిటి మీదా ఉన్నట్టే, ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి ఉంటుంది. అది ఉంటే యంత్రం బుద్ధిగా నడుస్తుందని అక్కడివాళ్ల నమ్మకం. "అదీ శకునమేగా" అంటే, "కాదు, పరికరం" అంటాడు.

మొన్న, నూడుల్స్ కొట్టు తెరవబోతున్న తూ షూచిన్ తన బోర్డు కోసం వచ్చింది. గుడిలో పెట్టించుకున్న ముహూర్తం మర్నాడు పొద్దున్నే. పరీక్ష ఇంకా ఇరవై గంటలు మిగిలి ఉంది.

"ముహూర్తం ఆగదు మేస్త్రీ."

"వాన ఆగుతుందా అమ్మా? ఇరవై గంటలంటే ఇరవై గంటలే."

బతిమాలింది, తిట్టింది. చివరికి ఉక్రోషం పట్టలేక డబ్బా మీది పొట్లం తిప్పి చూసింది. "అందరి బోర్డులకూ వంకలు పెడతారు గానీ, మీ పొట్లానికి పోయిన నెలే గడువు తీరింది, చూసుకున్నారా?"

లియావ్ ఆ తేదీని రెండుసార్లు చదివాడు. బోర్డు ఆర్పేశాడు. వీధి చివరి దుకాణం నుంచి కొత్త పొట్లం తెచ్చి పెట్టి, మళ్లీ వెలిగించి, గోడమీది పలకపై గంటల లెక్క చెరిపి సున్నా వేశాడు.

"మొదటినుంచీ డెబ్బై రెండు" అన్నాడు.

ఇరవై గంటలకు అంత రభస చేసిన మనిషి, దీనికి మాత్రం తలూపింది. గడువు తీరిన పొట్లం కాపలాలో వెలిగిన బోర్డును ఎవరు నమ్ముతారు? ఇంకో ముహూర్తం కోసం గుడికి ఫోన్ చేస్తూ బయటికి నడిచింది.