బ్రేకు పైపులో గాలి

జీపు నడవడానికి ప్రార్థన ఒక్కటి చాలునన్న మా చర్చి సంఘ పెద్ద మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో మా సంఘం జీపు నేనే నడిపేవాణ్ని. బ్రేకు నూనె కారుతుంటే షెడ్డులో ఇచ్చాం. మేస్త్రి కొత్త రబ్బర్లు వేసి, "పైపులల్ల గాలి తీసేదున్నది అన్నా, ఇయ్యాల బండి వద్దు" అన్నాడు. మర్నాడు నెక్కొండలో ప్రార్థన కూడిక. సంఘ పెద్ద వినలేదు, సాయంత్రమే తెమ్మన్నాడు. పెడల్ తొక్కితే నేలకు ఆనేది. మళ్లీ మళ్లీ తొక్కితే గాని బ్రేకు పట్టదు. మనిషి నడకంత మెల్లగా చర్చి దాకా తెచ్చాను.

తెల్లారి పాటలు పాడే ఆడవాళ్లు, పిల్లలు ఎక్కి కూర్చున్నారు. సంఘ పెద్దకు బ్రేకు సంగతి చెప్పాను.

"విశ్వాసం ఉన్నోనికి భయమేంది? ప్రార్థన చేసుకోని పోదాం. తలలు వంచుండ్రి" అన్నాడు పెద్దాయన.

ఆదివారపు బడిలో నాకు వాక్యం నేర్పింది ఈయనే. దేవాలయ శిఖరం మీది నుంచి దూకు, దూతలు పట్టుకుంటారని ప్రభువుతో అన్నది ఎవరు, సాతాను కాదా? ప్రభువు దూకాడా? దేవుణ్ని శోధించడానికి, పరీక్ష పెట్టడానికి ఈయనకు పసిపిల్లలే దొరికారా? తాళంచెవి జేబులో వేసుకుని, పానా తీసుకుని చక్రం పక్కన పడుకున్నాను.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి బిగించాలి. "ఎవరన్న వచ్చి పెడల్ తొక్కుండ్రి!" అని అరిచాను. అందరూ కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు.

ఆడవాళ్లకు వాక్యం చెప్పే ముసలావిడ ఒకామె ఉండేది, అందరికీ చిన్నమ్మే. ఆమె దిగి, కుచ్చిళ్లు ఎగదోపుకుని డ్రైవర్ సీట్లో కూర్చుంది.

"ప్రార్థన నడుస్తాంటే లేస్తవా?" కసిరాడు పెద్దాయన.

"కండ్లు మూసుకునే ఉన్న అయ్యా. నోరు మీది, కాలు నాది. ఏం బిడ్డా, తొక్కాల్నా?"

"తొక్కి పట్టు చిన్నమ్మా... ఇగ ఇడువు!"

"ఆమేన్ అన్నప్పుడు ఇడువాల్నా, నువ్వన్నప్పుడా?"

"నేనన్నప్పుడే!"

వదులు చేసినప్పుడల్లా నట్టు దగ్గర నూనె బుడగలు కక్కింది. బ్రేకు డబ్బాలో తగ్గిన నూనె పోసుకుంటూ నాలుగు చక్రాలూ తిరిగాను. బుడగలు ఆగాయి, పెడల్ గట్టిపడింది. అందరినీ దించి, ఒక్కణ్నే రోడ్డు మీద తోలి, ఆపి చూసుకున్నాకే బయల్దేరాను.

నెక్కొండ దగ్గర వాలులో ఎడ్లబండి అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. జీపు ఎద్దుల పక్కనే ఆగింది.

కూడికలో పెద్దాయన లేచి, బ్రేకుల్లేని బండిని ప్రార్థనే నడిపించిందని సాక్ష్యమిచ్చాడు. జనం హల్లెలూయ అన్నారు. అబద్ధసాక్ష్యం పాపమని నేర్పిన నోరే అది! ఆగలేక లేచాను.

"బ్రేకులున్నయి అయ్యా. చిన్నమ్మ తొక్కితే అచ్చినయి."

ఆడవాళ్ల చాప మీద పిక్క పిసుక్కుంటూ చిన్నమ్మ అంది: "కూసో బిడ్డా. కోపంల బండి నడపద్దు, మల్ల ఇంటికి పోయేదున్నది."