స్టిక్కర్ లేని మీటలు

పోయిన వారం మా మనవరాలికి కాలేజీ చదువు కోసం కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. అట్టపెట్టె విప్పడం, మూత తెరవడం, వేలు ఆనించి దాన్ని మేలుకొలపడం, అన్నీ ఆ పిల్ల ఒక చేత్తో ఉప్మా తింటూ రెండో చేత్తో చేసేసింది. పక్కన కూర్చుని చూస్తున్న నాకు నవ్వు వచ్చింది, దాని వెనకే చిన్న బెంగ కూడా కలిగింది. నా ఈడు ఆడవాళ్ళు, ముఖ్యంగా నాలాగా బడి గడప తొక్కకుండానే పెళ్ళిపీటలెక్కిన వాళ్ళు అర్థం చేసుకుంటారనే ఇది రాస్తున్నాను. ఒక వస్తువు మనదేనని చెప్పి ఎవరైనా చేతిలో పెట్టినప్పుడు దాన్ని ముట్టుకోవడానికి ఎంత భయం వేస్తుందో, ఆ భయంలో ఎంత సంతోషం ఉంటుందో మనకు తెలుసు గాని, ఉప్మా తింటూ పెట్టె విప్పే పిల్లలకు ఎలా చెప్పడం?

నాకు ల్యాప్‌టాప్ వచ్చేసరికి నా తల సగానికి పైగా నెరిసింది. మావారు రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యారు. కోరాపుట్‌లో కొన్నాళ్ళు, రాయగడలో ఎక్కువ కాలం, రైల్వే క్వార్టర్లలోనే మా సంసారమంతా గడిచింది. రాయగడ కాలనీలో ఉండగా, అబ్బాయి ఎదిగి ఇంట్లో పని తగ్గాక, మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతున్నారని తెలిసి చుట్టుపక్కల వాళ్ళతో కలిసి నేనూ వెళ్ళాను. ఊరు ఒడిశాలోది కనుక నేర్పింది ఒడియా అక్షరాలు. అలా నడివయసు దాటాక నేను చదవడం నేర్చుకున్నది నా నోట్లో ఉన్న భాష కాదు, బజారులో వినబడే భాష. అందుకు నేనేమీ నొచ్చుకోలేదు. బస్సు నుదుటి మీద రాసిన ఊరి పేరు ఎవర్నీ అడక్కుండా చదువుకుని ఎక్కిన రోజున, అవి ఏ భాష అక్షరాలైతే మాత్రం ఏం, ఆ బస్సు నా కోసమే వచ్చినట్టనిపించింది.

తరవాత మా అబ్బాయికి డొరగుడ ఫ్యాక్టరీలో టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది. మేమూ వాడితోపాటు ఆ పక్కనే ఉన్న టికిరి వచ్చేశాం. అక్కడికి వచ్చేసరికి నా కళ్ళు మసకబారాయి. కష్టపడి నేర్చుకున్న అక్షరాలు కాగితం మీద చీమల బారులాగా కలిసిపోతుంటే, నాలో నేను విసుక్కోవడం మా అబ్బాయి ఎప్పుడు గమనించాడో గాని, ఒక పండగకి నాకు చీర తేవడం మానేసి ఈ ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఇందులో అక్షరాన్ని గారెంత పెద్దది చేసుకుని చదవవచ్చునని చెప్పాడు.

మొదటి రోజు దాన్ని దేవుడి గూటి ముందు పెట్టి, మూత మీద చిన్న కుంకుమ బొట్టు పెట్టాను. మూత తెరిస్తే లోపల నుంచి కొత్త చెప్పుల దుకాణం లాంటి వాసన వచ్చింది. ఒళ్ళో పెట్టుకున్న కాసేపటికి అడుగున వెచ్చబడితే, దీనికి జ్వరమేదైనా వచ్చిందేమోనని కంగారుపడ్డాను. తెర మీద తిరిగే బాణాన్ని నేను ఈగ అనేదాన్ని. పట్టుకుందామని వేలు జరిపితే అది ఏ మూలకో ఎగిరిపోయేది. కాసేపు ఏమీ చేయకుండా చూస్తూ కూర్చుంటే తెర తనంతట తానే చీకటైపోయేది, అప్పుడు నేనేం తప్పు చేశానోనని చేతులు వెనక్కి తీసుకునేదాన్ని. మావారు మంచం మీద నుంచి ఇదంతా చూసి, "రైలొస్తన్నా పట్టాలు దాటీసిందానివి, దీనికేటే బయం?" అన్నారు. నిజమే గాని, రైలు నాది కాదు కదా.

మీటల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. అవి నాకు రావు. అందుకని మా అబ్బాయి రాయగడ నుంచి ఒడియా అక్షరాల స్టిక్కర్లు తెచ్చి ఒక్కో మీట మీద అంటించాడు. కొన్ని మీటలకు స్టిక్కర్లు రాలేదు. అదేమిటని అడిగితే, వాటితో ఒడియాకి పని లేదు, వదిలెయ్యమన్నాడు. వాటిని నేను పక్కింటి వాళ్ళ సామానులాగా తలచి ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇక్కడ మా అప్ప గురించి చెప్పాలి. మా వైపు అక్కని అప్ప అంటాం. మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గుణుపూర్ దగ్గర భూములు చేసుకున్న కుటుంబం మాది. అక్కడి తెలుగు బడికి ఇద్దరు ఆడపిల్లల్లో ఒక్కరినే పంపగలమని మా అమ్మ అంటే, పెద్దది కనుక అప్ప వెళ్ళింది. అయిదో తరగతి దాకా చదివింది. ఆమెకు ఆ చుట్టుపక్కలే పెళ్ళయింది, నేను రైల్వే వాళ్ళింటికి వచ్చాను. మా ఇద్దరికీ ఎప్పుడు కలిసినా మాటలు తెమిలేవి కావు. మాట్లాడేది ఎక్కువగా తనే, నేను ఊఁ కొడుతూ నడుమ ఒక మాట అందించేదాన్ని. ఫోన్లు వచ్చాక రోజూ వంట పొయ్యి మీద పెట్టి మాట్లాడుకునేవాళ్ళం.

అటువంటి అప్పకి చెవులు పోయాయి. ఏదో జ్వరం వచ్చి తగ్గాక వినికిడి మందగిస్తూ మందగిస్తూ ఒకనాటికి పూర్తిగా ఆగిపోయింది. ఫోను పనికిరాకుండా పోయింది. నేను చూడటానికి వెళితే, ఆమె పెరటి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అప్ప కోడలు మంచిదే, వేళకి పెట్టేది, కాని అన్నానికి చేత్తో సైగ చేసి పిలిచేది. ఉప్పు సరిపోయిందా అని అడిగితే మేకలు ఇంటికొచ్చాయని అప్ప జవాబు చెప్పిందట, పిల్లలు పకపకా నవ్వారట, ఆనాటి నుంచి అప్ప నోరు విప్పడమే మానేసిందట. నేనున్నన్నాళ్ళూ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది గాని ఒక్క మాటా అనలేదు. తిరుగు బస్సులో నాకు ఒకటే గుబులు. చెవులు ఎలాగూ పోయాయి, ఇలాగే వదిలేస్తే మాట కూడా పోతుంది, ఆ తరవాత మా అప్ప అని చెప్పుకోవడానికి ఆమెలో ఏం మిగులుతుంది?

రాసి చూపిద్దామంటే నాకు వచ్చింది ఒడియా, ఆమెకు వచ్చింది తెలుగు. మా అబ్బాయి ఒడియా బడిలో చదివాడు, తెలుగు గలగలా మాట్లాడతాడు గాని రాయలేడు. మా కోడలిది బంధుగాం అవతల, ఆంధ్రా సరిహద్దు దాటితే వచ్చే ఊరు, తెలుగులోనే చదువుకుంది. నా ఏడుపు విని ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని ఏదో నొక్కి, ఇప్పుడు మీ 'క' నొక్కండి అంది. ఒడియా 'క' స్టిక్కరున్న మీట నొక్కాను. తెర మీద పడింది వేరే అక్షరం. అదే తెలుగు 'క' అని చెప్పి, "మీట అదే అత్తా, అచ్చరం యేసం మార్సిందంతే" అంది. 'మ' నొక్కితే తెలుగు 'మ', 'ల' నొక్కితే తెలుగు 'ల'. అన్ని భాషలకూ ఒకే వరసలో మీటలు అమర్చిన మహానుభావుడెవరో నాకు తెలియదు గాని, ఆయన నాలాంటి వాళ్ళని తలచుకునే ఆ పని చేసి ఉంటాడని ఇప్పటికీ నమ్ముతాను.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు అదే నా పని. తెలిసిన మీట నొక్కి, తెలియని అక్షరాన్ని చూసి గుర్తుపెట్టుకోవడం. రాయడం కన్నా చదవడం నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది. ఒడియాలో గుండ్రంగా సున్నలాగా ఉండేది 'ఠ'. కోడలు పెద్ద అక్షరాలతో 'పండు' అని రాసి చదవమంటే నేను 'పఠడు' అని చదివాను, 'రంగు' రాస్తే 'రఠగు' అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులో పడి ఇంకో పెద్ద సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. అదేమిటో అప్ప దగ్గరికి వెళ్ళాకే తెలిసింది.

కాస్త చెయ్యి తిరిగిందనిపించాక ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని, రాయగడ వెళ్ళి, అక్కడ గుణుపూర్ బస్సెక్కాను. ఘాటీ కొండదారి మలుపుల్లో బస్సు ఊగినప్పుడల్లా సంచిని చంటిపిల్లలాగా రెండు చేతులా పొదివి పట్టుకున్నాను. నేను వెళ్ళేసరికి అప్ప అదే అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి నవ్వింది, మాట లేదు. పక్కన కూర్చుని మూత తెరిచాను. టీవీ అనుకుందేమో, చూపు తిప్పేసుకుని మళ్ళీ చింతపండు అందుకుంది. నేను అక్షరాలు గారెలంత చేసి, ఒక్కో మీటా వెతుక్కుంటూ, ఆ నెలంతా తన దగ్గరే ఉండిపోవడానికి వచ్చానని కొట్టాను. కొట్టి, తెర ఆమె వైపు తిప్పాను.

ఆమె చాలాసేపు కదలలేదు. అప్పుడు తోచింది నాకు, బడి మానేశాక ఈమె ఏం చదివిందని? పొలం పనిలో, పిల్లల పెంపకంలో ఆ అక్షరాలు ఎప్పుడో మరిచిపోయి ఉంటే? ఇంతలో తెర తన అలవాటు ప్రకారం చీకటైపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. ఈసారి మాత్రం చేతులు వెనక్కి తీసుకోకుండా ఒక మీట తాకి వెలిగించాను. అప్ప చింతపండు చేతిని చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని, ముఖం దగ్గరికి తెచ్చి, పెదవులు కదుపుతూ చదివింది. తరవాత, గొంతు ఎంత ఎత్తులో ఉందో తనకి తెలియక, పొలంలో కేకేసినట్టు అంది.

"ఈ నేల నీ కాడే ఉంటాను... నేల నా కాడే ఉంటాది, ఎక్కడికి పోద్ది? నువ్వెన్నాళ్ళుంటావో అది సెప్పు."

లోపలి నుంచి కోడలు, వీధిలోంచి పిల్లలు, అందరూ గుమ్మంలోకి వచ్చేశారు. అన్నాళ్ళ తరవాత వినబడిన గొంతు అది. నాకు మొదట ఆ మాట అర్థం కాలేదు, అప్పే విడమరిచి చెప్పింది. అప్పుడు తట్టింది నాకు, ఒడియాలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు. ఉన్నవి పొడుగువే. నా మీటలకి ఉన్న స్టిక్కర్లూ అవే. నేను 'నెల' అనుకుని కొట్టినదంతా 'నేల' అయి కూర్చుంది. తెలిసిన మాటని నోరు తనే సరిచేసుకుని చదివేస్తుంది కనుక అది నా కంటికి ఆనలేదు. నేను ఇంకేదో కొట్టి చూపిస్తే అప్ప ఉన్నదున్నట్టు సాగదీసి చదివి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. "పాకంలాగ సాగదీసేవేటమ్మి. ఎత్వం ఇయ్యవలసిన కాడల్లా ఏత్వం ఇచ్చీసేవు."

ఆ పొట్టి అక్షరాలు ఎక్కడున్నాయోనని ఇద్దరం మీటలన్నీ వెతికాం. స్టిక్కర్ లేని మీటల్లో దొరికాయి. నేను పక్కింటి సామాననుకుని ముట్టుకోని మీటల్లో ఉన్నవి నా సొంత భాష అక్షరాలు. అప్ప బియ్యపు పిండితో వాటి మీద చుక్కలు పెట్టబోతే నేనే ఆపాను, యంత్రం లోపలికి పోతుందని.

ఆ నెలంతా అప్ప నాకు గుణింతం చెప్పింది. చిన్నప్పుడు తను అరుగు మీద వల్లె వేస్తుంటే నేను ఇల్లు ఊడుస్తూ విన్న పాటే, ఇప్పుడు కంటికి కూడా కనబడుతోంది. నేను మీటలతో అడిగేదాన్ని, తను నోటితో చెప్పేది. ఎందుకప్పా మాట్లాడటం మానేశావని ఒకనాడు అడిగాను. తను చదివి అంది. "మెల్లగ మాటాడతన్నానో అరుస్తన్నానో నాకే తెలీదమ్మి. పిల్లలు నవ్వుతారు. అందుకే మానీసేను." అరవడం లేదు, కొంచెం తగ్గించు చాలు, అని కొట్టాను. అప్పటి నుంచి నా చెయ్యి పైకెత్తితే గొంతు పెంచేది, దించితే తగ్గించేది. కొన్నాళ్ళకి ఆ పిల్లలే నా పక్కన చేరి, నాన్నమ్మకి ఇది రాయి, అది రాయి అని పోటీ పడ్డారు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. అప్ప ఇప్పుడు చెవిలో మిషను పెట్టుకుంటోంది, చక్కగా వినబడుతుంది. రోజూ ఫోను చేస్తుంది. తిన్నావా అంటుంది, తిన్నానంటాను. మోకాళ్ళ నొప్పి ఎలా ఉందంటాను, అలాగే ఉందంటుంది. అంతలో అక్కడ ఎవరో పిలుస్తారు, ఇక్కడ కుక్కరు కూస్తుంది, ఫోను పెట్టేస్తాం. నా అక్కకి చెవులు తిరిగొచ్చాయని నేను రోజూ దండం పెట్టుకుంటాను, అందులో అబద్ధం లేదు. కాని ఆ అరుగు మీద, నేను చెప్పదలచుకున్న ఒక్క మాట కోసం నా వేలు మీటల మధ్య వెతుక్కుంటుంటే, పూర్తయ్యేదాకా ఆమె నా ముఖంలోకి చూస్తూ ఓపిగ్గా కూర్చునేది. నా మాట కోసం అంతసేపు ఎదురుచూసిన మనిషి అంతకు ముందు నాకెవరూ లేరు. ఇప్పుడు అప్ప కూడా అంతసేపు ఎదురుచూడనక్కరలేదు.