చేపలు వదిలిన కప్పల గుంట

2021 వానాకాలం. బోథ్ దాటాక, రాజవ్వ అనే రైతు పత్తిచేను చివర ఒక లోతులేని గుంట. కప్పల సర్వే నా ఉద్యోగం. వాన వెలిసిన ఒక సాయంత్రం ఆ గుంటలోంచి నేనెన్నడూ వినని అరుపు వినిపించింది, రేకుడబ్బాను గోటితో కొట్టినట్టు.

అదొక బొరియ కప్ప. మడమ దగ్గరి గట్టి బుడిపెతో వెనక్కి తవ్వుకుంటూ మట్టిలోకి దిగి, మళ్లీ వాన పడేదాకా బయటికి రాదు. తెలిసిన ఏ జాతి అరుపూ దీంతో సరిపోలలేదు. కొత్త జాతి అని తేల్చాలంటే డీఎన్ఏ శాంపిల్, అంటే ఒంట్లోంచి చిన్న ముక్క, తీయాలి. దానికి అనుమతి వచ్చేసరికి కప్పలు మట్టిలోకి దిగిపోయాయి. చుట్టుపక్కల ఎంత తిరిగినా ఆ అరుపు ఇంకెక్కడా లేదు. మళ్లీ వానాకాలం దాకా ఆ గుంట అలాగే ఉండాలి, అంతే.

ఆ మాటే చెబితే రాజవ్వ నవ్వింది. "గా గుంటల ఏమేసినా కుళ్లిపోతది బిడ్డా. నీ కప్పలే బతకనీ."

గుంటను ముట్టుకోవద్దని అధికారులకు రాసిచ్చాను. ఎండాకాలం ఎండిపోతుంది కాబట్టే అందులో చేపలుండవు, చేపలు లేవు కాబట్టే కప్పపిల్లలు బతుకుతాయి అని వివరంగానే రాశాను.

మరుసటేడు మిరుగం, అంటే మృగశిర కార్తె, తొలి వానలకు శాంపిల్ సీసాలతో పరుగెత్తాను. గుంట లేదు. నిలువులోతు కుంట, చుట్టూ రాతికట్ట.

"ఎండకాలంల జేసీబీ తెచ్చిండ్రు," అంది రాజవ్వ. "కప్పలు నీళ్లు లేక పరేషాన్ అయితున్నయట. మట్టిల పన్న కప్పలన్ని లేసినయి బిడ్డా, మట్టితోనే ట్రాక్టర్లల్ల పోసుకపోయిండ్రు. వద్దు సారూ అంటే, నీ మేడమే రాసిందని ఆఫీసరు నా మీద ఎగిరిండు."

ఆ ఆఫీసరు దగ్గరికే వెళ్లాను.

"మీ కప్పల కోసమే కదా మేడం! గిప్పుడు ఏడాదంత నీళ్లుంటయి. చేపపిల్లలను గూడ ఇడిసినం."

"ముట్టుకోవద్దని రాశాను కద సార్!"

"ఎండిపోయే గుంటను గట్లనే ఇడిసిపెడ్తరా ఎవలన్న?"

ఒళ్లు మండిపోయింది. దొంగయితే నోరారా తిట్టేదాన్ని. మంచి పని చేశానని మురిసిపోతున్నవాణ్ణి ఏమనాలి? ఆ వానాకాలమంతా కట్ట మీద కాపు కాశాను. ఒక్క అరుపు లేదు. చేపలు మాత్రం బాగా పెరిగాయి.

పోయిన వానాకాలం మరోచోట, చిన్న నీటిమడుగులోంచి ఆ కప్ప గొంతు మళ్లీ వినిపించింది. అక్కడే కూలబడి ఏడ్చాను. దొరికినదాన్ని పదిమందికీ చూపించాలని మా వృత్తిలో నేర్పుతారు. చోటు చెప్పకపోతే జాతికి పేరు కూడా పెట్టనివ్వరు. పెట్టకపోతే పోనీ. ఏ ఊరని మా ఆఫీసులోనే అడిగారు, చెప్పలేదు. మీరూ అడగకండి. పేరు లేకున్నా అది బతుకుతుంది.