జోలపాటలో దగ్గు

కాపీరైటు మీద అప్పట్లో నాకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. శంషాబాద్ నుంచి పాల్మాకుల వెళ్లే బస్సులో వాటినే ఓ స్నేహితురాలికి ఫోన్‌లో దంచి చెప్పి పెట్టేశాను. పక్క సీటులోని పెద్దావిడ అదంతా విన్నట్టుంది. తన ఫోన్ నా చేతికిచ్చి, "జర సూడు బిడ్డా," అంది.

మనవరాలికి పాడిన జోలపాటను ఆమె నెట్‌లో పెడితే, అది వేరేవాళ్ల పాటని తీసేశారట.

"ఏదో పాత పాటేమో," అన్నాను.

"కాదు బిడ్డా. మా అమ్మ నా పేరు పెట్టి కట్టింది. నాకు ఆరేండ్లప్పుడే సచ్చిపోయింది. ఆమె పాడంగ ఎవ్వలు రికార్డు జెయ్యలే."

వాళ్లు తమదంటున్న పాటను ఆమె పెట్టి వినిపించింది. ఎవరో ఆడమనిషి ఆగుతూ, దగ్గుతూ పాడుతోంది. బస్సు మీదుగా విమానం వెళ్తున్నా ఆ దగ్గు స్పష్టంగా వినిపించింది.

"ఇది మీ అమ్మ గొంతేనా?"

"గొంతు యాదికి లేదు. దగ్గు మాత్రం గదే. గా దగ్గుతోనే పోయింది."

తెలివి చూపించకుండా ఉండలేక, ఫిర్యాదు చేస్తే ఆ పాటను తీసేయించవచ్చని చెప్పాను.

ఆమె గబుక్కున ఫోన్ లాక్కుంది.

"వద్దు బిడ్డా! తీసేస్తే మా అమ్మను ఇగ యాడ ఇనాలె నేను?"