రూతక్క చెరపలేకపోయిన వరుసలు

మొన్న చిత్తూరు మార్కెట్లో ఎవరో ఎండుమిరపకాయల బస్తా విప్పి నేల మీద కుమ్మరించారు. ఆ ఘాటు గొంతుకు తగలగానే దగ్గు పట్టుకుంది. పక్కనున్నవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని తప్పుకున్నారు, నేను మాత్రం దగ్గుతూ అక్కడే నిలబడిపోయాను. తమిళనాడులోని విరుదునగర్‌లో మా ఆఫీసు మిరపకాయల గోడౌను పైఅంతస్తులో ఉండేది. కింద మూటలు దించిన రోజున పైన కంప్యూటర్ల ముందు అందరం దగ్గుతూనే పని చేసేవాళ్ళం. అందరికంటే ఎక్కువ బాధపడేది రూతక్క. అంత దగ్గులోనూ ఆమె చూపు తెర మీద నుంచి కదిలేది కాదు. ఆమెను గురించి రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. చదివేవాళ్ళకు ఊరటనిచ్చే మాట ఒక్కటైనా చివర్లో చెప్పగలిగితే రాద్దామనుకుని ఆగుతూ వచ్చాను. అలాంటి మాట ఇప్పటికీ దొరకలేదు.

మాదీ తమిళనాడే, అక్కడి నాగలాపురం పక్కన నల్లరేగడి పల్లె. మా నాయన పత్తి, ధనియాలు పండించేవాడు. కోవిల్‌పట్టి కాలేజీలో కంప్యూటరు డిగ్రీ చదివి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ ఉద్యోగంలో చేరాను. అగ్గిపెట్టెల పనివాళ్ళకు, బాణసంచా పనివాళ్ళకు ఉచితంగా మందులిచ్చే ఒక ట్రస్టు అది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో దానికి చిన్న చిన్న ఆసుపత్రులుండేవి. రూతక్క కంప్యూటరు విభాగానికి పెద్ద. వాళ్ళమ్మ కోవిల్‌పట్టిలో తీపెట్టి ఆఫీసులో, అంటే అగ్గిపెట్టెల కర్మాగారంలో, వయసంతా పుల్లలు పేర్చి బతికిన మనిషి. రూతక్క చర్చి హాస్టల్లో ఉండి చదువుకుంది. చేరిన రోజున మేమిద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. మధ్యాహ్నం టీ తాగబోయి నాలుక కాల్చుకుని, "అబ్బ, సుర్రుమనె!" అన్నాను. ఆమె తల తిప్పి చూసి నవ్వింది.

"మన బాసేనా పాపా? ఈ పక్క ఏ ఊరు నీది?"

ఆ రోజు నుంచి అందరి ముందూ ఆమె నాకు మేడం, ఇద్దరమే ఉన్నప్పుడు అక్క. మా తెలుగు మీకు వింతగా ఉంటుంది. అందులో సగం అరవమే. ఇద్దరికీ అది ఇంట్లో మాట్లాడే భాషే గాని చదివే భాష కాదు. ఈ అక్షరాలు నేను పెళ్ళయి చిత్తూరు వచ్చాక నేర్చుకున్నవి.

రూతక్క నాకు పని నేర్పిన పద్ధతి చెప్పాలి. ప్రతి ఊరి ఆసుపత్రిలోనూ ఒక కంప్యూటరు ఉండేది. రోగి ఒక్కరికి ఒక వరుస. పేరు, జబ్బు, వాడే మందు అన్నీ అందులో ఉంటాయి. రేషన్ కార్డు నంబరే ఆ వరుసకు గుర్తు, ఆ నంబరుతోనే ఆసుపత్రి కార్డు ఇచ్చేవాళ్ళం. సాయంత్రం ఆసుపత్రి మూసే వేళకు కంప్యూటర్లు టెలిఫోను లైను మీద ఒకదానికొకటి కలిసి, ఆ రోజు మారిన సంగతులు చెప్పుకునేవి. అలా ఏ ఊళ్ళో చూసినా అందరి వివరాలూ ఉండేవి. వాటిని మేమందరం రికార్డులు అనేవాళ్ళం. రూతక్క మాత్రం, "వెంబకోట్టైలో ఈ దినం ఎంతమంది మనుసులు చేరినారు?" అని అడిగేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు నా నోటికీ ఆ మాటే అలవాటైంది.

ఒక వానాకాలం వెంబకోట్టైలో పిడుగు పడి కరెంటు పోయి వచ్చింది. అప్పుడే సమాచారం పంపుతున్న అక్కడి కంప్యూటరు సగం రాసిన వరుసలను అన్ని ఊళ్ళకూ పంపేసింది. పేరు ఉండవలసిన చోట గళ్ళు, ప్రశ్న గుర్తులు. నంబరు కొట్టి తెరవబోతే అలాంటి మనిషి లేదనేది. సరే, కొత్తగా చేర్చుదామంటే ఆ నంబరు మనిషి ముందే ఉందనేది. తీసేయబోతే, లేని వరుసను తీయలేనని చెప్పేది. అలా పాడైనవి కొన్ని వందలున్నాయి.

అందులో ఒకటి వీరలక్ష్మిది. వెంబకోట్టై దగ్గర బాణసంచా కర్మాగారంలో వత్తులు కత్తిరించే పని ఆమెది. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. నెలనెలా మా ఆసుపత్రి ఇచ్చే మాత్రలతో, పాపం, ఏళ్ళ తరబడి ఫిట్స్ రాకుండా నెట్టుకొస్తోంది. కౌంటరు దగ్గర కార్డు పనిచేయలేదని తిప్పి పంపితే, పనికి సెలవు పెట్టి బస్సెక్కి విరుదునగర్ దాకా వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో మా గది గుమ్మంలో నిలబడి తమిళంలో మొదలుపెట్టింది. మా మాటలు చెవిన పడగానే తెలుగులోకి వచ్చేసింది.

"ఈడనే నిలబడుండా గదమ్మా నేను. మిసను నన్ను లేదంటాదంట. మాత్ర లేకపోతే నాకు వలిప్పు వస్తాదమ్మా. మందుగుండు కాడ పడితే నాతో పాటు పదిమంది పోతారు."

రూతక్క లేచి ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టరు చేత చీటీ రాయించి, మాత్రలు తెచ్చి చేతిలో పెట్టింది. "దీన్ని సరిచేసేది నా పని. నీ తప్పేం లేదు" అంది. వీరలక్ష్మి వెళ్ళాక తెర వైపు చూస్తూ, "ఇంకా ఎంతమంది ఇట్ల తిరుక్కోని పోయిండారో" అంది నాతో.

కొన్ని వారాలు చేతిరాత చీటీలతో నడిచింది. తర్వాత మేనేజరు ఆపేశాడు. మందుల నిల్వకూ కంప్యూటరుకూ పొంతన కుదరడం లేదని, ఇక కంప్యూటరులో లేనివాళ్ళకు మందు ఇవ్వకూడదని అన్ని ఊళ్ళకూ కబురు పంపాడు. రూతక్క ఆయన గదిలో వాదించి, ఎర్రబడిన కళ్ళతో బయటికి వచ్చింది. ఆ తర్వాత వీరలక్ష్మికి తానే మందుల షాపులో కొని, ఆదివారం చర్చి అయ్యాక బస్సులో వెళ్ళి ఇచ్చి వచ్చేది. "అందరికీ అట్ల చేయలేను పాపా. నాకు మొగం తెలిసింది ఒక్కతే" అనేది. ఆ మాట అంటున్నప్పుడు తల వంచుకునేది.

వరుసలను తీసేసే దారి ఆమె కనిపెట్టకపోలేదు. పేరుతోనూ నంబరుతోనూ అడగకుండా, డిస్కులో ఆ వరుస ఉన్న చోటు పట్టుకుని అక్కడే చెరిపేసేది. పొద్దున చెరిపితే సాయంత్రానికి పోయినట్టే ఉండేది. మర్నాడు చూస్తే అవే గళ్ళు, అవే ప్రశ్న గుర్తులు. మా దగ్గర లేని వరుస సాత్తూరు కంప్యూటరులో ఉంది కాబట్టి, ఇదేదో వీళ్ళకు అందలేదనుకుని అది మళ్ళీ పంపేది. సాత్తూరులో చెరిపితే కోవిల్‌పట్టి పంపేది. నెలల తరబడి ఇదే పని. ఒక సాయంత్రం ఆమె కీబోర్డును పక్కకు తోసి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. నేను నీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను.

చివరికి అన్ని ఊళ్ళలోనూ ఒకేసారి చెరపడం తప్ప మార్గం లేదని తేల్చుకుంది. అందుకు ఒక ఆదివారం అన్ని కంప్యూటర్లనూ ఒకదానితో ఒకటి కలవకుండా ఆపాలి. మేనేజరు ఒప్పుకోవడానికి ఇంకొన్ని నెలలు పట్టింది. ఆ ఆదివారం ప్రతి ఊళ్ళోనూ ఒక మనిషి కంప్యూటరు ముందు కూర్చుంటే, రూతక్క ఫోనులో ఒక్కొక్కరికీ ఏది నొక్కాలో చెప్పింది. నేను రెండో ఫోను పట్టుకున్నాను. పొద్దుగూకే వేళకు అన్నీ శుభ్రమయ్యాయి. మళ్ళీ కలిపి చూశాం. ఏదీ తిరిగి రాలేదు. రూతక్క కిటికీ దగ్గరికి వెళ్ళి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు వీరలక్ష్మి వరుసను ఆమే స్వయంగా చేర్చింది. వెంబకోట్టైకి ఫోను చేసి ఆమెను పిలిపించి, "కొత్త కార్డు వచ్చేసె. ఇంక నువ్వు దేనికీ బయపడవద్దు. నేను ఆదివారం రాను, కౌంటర్లోనే ఇస్తారు" అని చెప్పింది. అవతల వీరలక్ష్మి ఏమందో నాకు వినిపించలేదు. రూతక్క మాత్రం, "చాలు చాలు, నాకెందుకు దండం" అంటూ ఫోను పెట్టేసింది.

ఒట్టపిడారంలో ఇంకో కంప్యూటరుందని మాకు గుర్తు రాలేదు. పిడుగు పడిన తర్వాత ఎప్పుడో చెడిపోతే బాగుచేయడానికి పంపారు. అది ఆ వారంలోనే తిరిగొచ్చింది. కౌంటరు దగ్గర జనం ఎక్కువై ఇబ్బంది పడుతున్నారని, అక్కడి గుమాస్తా, పెద్దవయసు మనిషి, మంచి ఉద్దేశంతోనే దాన్ని లైనుకు కలిపాడు. అందులో పాత వరుసలన్నీ అలాగే ఉన్నాయి. మిగతా ఊళ్ళలో అవి లేవని గమనించి, ఆ సాయంత్రం అన్నిటికీ పంపేసింది. వీరలక్ష్మి కొత్త వరుస మీద పాత వరుస వచ్చి పడింది. ఆమె మాత్రలకు వెళ్ళేసరికి కౌంటరులో మళ్ళీ గళ్ళే కనిపించాయి. అక్కడివాళ్ళు తర్వాత రమ్మన్నారు. ఆమె ఇంటికి వెళ్ళిపోయింది. మా ఆఫీసుకు ఫోను చేయమని అడగలేదు. అక్క ఇప్పటికే తన కోసం నిండా కష్టపడిందని భర్తతో అన్నదట.

మాత్రలు అయిపోయాక ఫిట్స్ మొదలై ఆగకుండా వస్తూనే ఉన్నాయి. వ్యానులో విరుదునగర్ పెద్దాసుపత్రికి తీసుకొస్తుంటే సాత్తూరు దాటకముందే ప్రాణం పోయింది. మాకు ఆ సంగతి ఫోనులో తెలిసింది. రూతక్క ఫోను పెట్టేసి, కంప్యూటరు ముందు కూర్చుని వీరలక్ష్మి నంబరు కొట్టింది. అలాంటి మనిషి లేదని తెర మీద వచ్చింది.

మేనేజరు వచ్చి, ఆ కంప్యూటరును ఎవరు కలిపారో పేరు రాసివ్వమన్నాడు. గుమాస్తా ఉద్యోగం పోతుందని అందరికీ తెలుసు. రూతక్క పేరు రాయలేదు. "నడిచే మిసన్లనే లెక్కబెట్టినాను సార్. నిలిచిపోయినదాన్ని లెక్కబెట్టలేదు. అది నా పని" అని తమిళంలో చెప్పింది. ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగం మానేసింది. మానేయమన్నారో, తానే మానేసిందో నేను అడగలేదు. పాడైన వరుసలు అలాగే ఉండిపోయాయి. కొన్నేళ్ళకు ట్రస్టు కొత్త ఏర్పాటు తెచ్చుకుని, బాగున్నవాటిని మాత్రమే అందులోకి మార్చింది. మిగిలినవాళ్ళు వచ్చి మళ్ళీ పేరు రాయించుకోవచ్చన్నారు. రానివాళ్ళు ఏమయ్యారో ఎవరూ వెళ్ళి చూడలేదు.

పెళ్ళికి ముందు పత్రిక ఇవ్వడానికి కోవిల్‌పట్టిలో ఆమె ఇంటికి వెళ్ళాను. చిన్న గది. వాళ్ళమ్మ మంచం మీద పడుకుని ఉంది. రూతక్క ఒక స్కూల్లో పిల్లలకు టైపు నేర్పుతోందట. బాగా చిక్కిపోయింది. నాకు కాఫీ ఇచ్చి, మంచం పక్కన కూర్చుంది. ఊరుకోలేక నేనే, "నీ తప్పు కాదక్కా. నువ్వు చేసినంత ఎవరు చేస్తారు?" అన్నాను.

"అట్ల చెప్పొద్దు పాపా. అందురూ అదే చెప్తారు. నేను ఆదివారం ఆదివారం పోతా ఉంటే ఆమె ఉండేది. సరైపోయిందని నమ్మినాను, ఆమెను గూడ నమ్మించినాను."

"మరి నేనేం చేయాలక్కా? నేను చేసేదీ ఇదే పని కదా."

ఆమె ఖాళీ గ్లాసు తీసుకుని, వాకిలి వైపు చూస్తూ చెప్పింది. "చెయ్యి. బాగ చెయ్యి. చేస్తే సరైపోతాదని మాత్రం అనుకోవద్దు."

పెళ్ళికి ఆమె రాలేదు. తర్వాత ఆ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళారని విన్నాను. నేనిప్పుడు చిత్తూరులో ఒక ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకుంటున్నాను. కౌంటరులో ఎవరి వివరాలైనా తెరుచుకోలేదంటే, మందు ముందు ఇప్పించి తర్వాతే కారణం వెతుకుతాను. అందుకు నాతో పోట్లాడినవాళ్ళున్నారు. చెడిపోయిన వరుసను తీసేశాక, పని పూర్తయిందని నా కింద పనిచేసే పిల్లలు కాగితం తెస్తే సంతకం పెడతాను. పెట్టాక కూడా వారాల తరబడి, పొద్దున్నే వచ్చి ఆ నంబరు ఒకసారి కొట్టి చూస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కటీ తిరిగి రాలేదు. అయినా ఏ పొద్దూ అది నాకు ధైర్యం ఇవ్వలేదు.