తలుపుకు తగిలించిన ఇత్తడి బిళ్ళ

మా వరుసలో చివరి క్వార్టర్‌లో ఉండే నర్సక్క మొన్న మంగళవారం పొద్దున చనిపోయింది. బొగ్గుబాయి దవాఖానలో నర్సుగా చేసి రిటైరయిన మనిషి. కడుపులో పగ పెట్టుకుని బతికిందని కొందరంటున్నారు. అవును, బతికింది. ఆ పగ వల్లే నా కూతురు ఆరోగ్యంగా ఉంది.

నర్సక్క కూతురు కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షలో హెపటైటిస్ బి తేలింది. కాలేయాన్ని పాడుచేసే ఆ వైరస్ కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుకుంటుంది. పుట్టిన కొన్ని గంటల్లోనే రెండు సూదులు వేస్తే చాలావరకు ఆగుతుంది. కాన్పు చేసిన ప్రైవేటు డాక్టరు ఫైలు చూడలేదు, సూదులు వేయలేదు. మనవడికి అంటుకుంది. వాడికిప్పుడు పన్నెండేళ్లు, ఆర్నెల్లకోసారి పరీక్షకు రక్తం ఇచ్చి రావాలి.

"మీ అమ్మాయి మాకు చెప్పలేదమ్మా" అన్నాడట డాక్టరు.

"ఫైల్ల మూడో కాగితం జెప్పింది సార్. మీరు సదువలే" అందట నర్సక్క.

నాలుగేళ్ల కింద, నేను కడుపుతో ఉన్నప్పుడు, నాకూ అదే తేలింది. చుట్టాలు, పక్కింటివాళ్లు నా గ్లాసు వేరుగా పెట్టారు. వాళ్ల ముందే నర్సక్క నేను సగం తాగిన చాయ్ అందుకుని తాగేది. "ఎంగిలితోని అంటుకోదే. ఫికర్ జెయ్యకు" అనేది. ఆ గ్లాసు వేరు చేసినవాళ్లను నేనింకా క్షమించలేదు, క్షమించను కూడా.

కాన్పుకు నర్సక్క నన్ను కావాలనే ఆ ప్రైవేటు డాక్టరు దగ్గరికే తీసుకెళ్లింది. గనిలోకి దిగే ముందు కార్మికులు అప్పగించే ఇత్తడి బిళ్ళ, చనిపోయిన భర్తది, ఆమె దగ్గరుండేది. దాన్ని కాన్పుగది తలుపుకు తగిలించింది.

"బాయిల దిగినోడు పైకొచ్చేదాంక బిళ్ళ కొక్కేనికే ఉంటది సార్. గీ బిడ్డకు రెండు సూదులు పడేదాంక గిది తియ్య. మిమ్ములను ఇంటికి పోనియ్య" అని కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చుంది. సూదులు పడ్డాయి. ఆ తర్వాత కాలనీలో ఎవరికి ఆ జబ్బు తేలినా అదే డాక్టరు, అదే బిళ్ళ, అదే కుర్చీ.

శవం దగ్గరికి ఆ డాక్టరు పెద్ద దండ పట్టుకొచ్చి "చాలా మంచి మనిషి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె దిండు కింది నుంచి బిళ్ళ తీసి చూపించాను.

"దండ ఆడ వెట్టున్రి సార్. రేపటి సంది గిది మీ తలుపుకే ఉంటది. తీస్తే నేనొచ్చి కూసుంట."

నిన్న వెళ్లి దాన్ని తగిలించాను. ఫ్యాను గాలికి బిళ్ళ కాన్పుగది తలుపును టక్కుటక్కున తాకుతోంది. పక్కనే నిలబడి, అప్పుడే కాన్పుకొచ్చిన పిల్ల ఫైలు డాక్టరు తిప్పుతున్నాడు. మూడో కాగితం చదివేదాకా నేను గుమ్మంలోంచి కదల్లేదు.